దానాపూరు నుండి టోకాట్ దాక

కాశికి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒక్కటే అని మన పెద్దలు అనేవారు. ఈ మాటలో అతిశయోక్తి తక్కువ. దారిలో దొంగల భయము, మృగముల భయము ఉన్న మాట నిజమే గాని, యాత్రికులను ఎక్కువగా బలిగొన్నవి జ్వరము, గ్రహణి, విషూచి. చెన్నపట్టణము సుప్రీముకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరినాడు. పల్లకీలు, డేరాలు, పరివారము, వంటసామగ్రి అన్నీ సమకూర్చుకొని వెళ్ళిన సంపన్న గృహస్థు ఆయన. అయినను ఆయన వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ తిరగవేస్తే మజిలీ మజిలీకి ఒకటే విచారణ కనిపిస్తుంది: ఇక్కడి నీరు మంచిదేనా? ఈ ప్రదేశము ఆరోగ్యకరమేనా? బిడారమునకు నీడ ఉన్నదా? ఆరోగ్యవంతుడైన యాత్రికునికే ఇన్ని జాగ్రత్తలు కావలసి వచ్చినవి. మరి బయలుదేరేనాటికే రోగియైనవాడు, పరివారము లేనివాడు, ఎరుగని దేశముల మీదుగా వేలమైళ్ళు పోవలసినవాడు ఏమి కావాలి?

వీరాస్వామయ్యకు ఇరువది సంవత్సరములు ముందు అట్టి యాత్ర చేసిన ఒక మనిషి కథ ఈ ప్రసంగమునకు విషయము. ఆయన పేరు హెన్రీ మార్టిన్. ఇంగ్లండు దేశమున కార్న్‌వాల్ సీమలోని ట్రూరో పట్టణములో 1781 ఫిబ్రవరి 18వ తేదీన పుట్టినాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో చదివి, ఇరువది యేండ్లు నిండకమునుపే, 1801 జనవరిలో, గణితశాస్త్ర పరీక్షలో అందరిలోను ప్రథముడుగా నిలిచినాడు. న్యాయవాదియై ధనము గడించగల తెలివి, అవకాశము రెండును ఉండినవి. ఆయన క్రైస్తవ గురువృత్తిని ఎంచుకొన్నాడు.

ఆ యింట ఒక రోగము వేళ్ళూనుకొని ఉండినది. తల్లి ఆయన పసితనముననే క్షయవ్యాధితో మరణించినది. తరువాత తోబుట్టువులను గూడ అదే వ్యాధి తీసుకొనిపోయినది. హెన్రీకి చిన్నతనము నుండి రొమ్ము బలహీనము. కొంచెము పెద్దగొంతుతో మాట్లాడితే నొప్పి పుట్టేది. ఇట్టివాడు విదేశములకు పోవుట తగునా అన్న ప్రశ్నకు ఆనాటి వైద్యులు ఇచ్చిన సమాధానము ఈనాడు మనకు వింతగా తోచవచ్చును. క్షయ అంటువ్యాధి యని ఆనాడు ఇంగ్లండులో నమ్మేవారు అరుదు. అది వంశమునకు, దేహప్రకృతికి సంబంధించినదని తలచేవారు. చలిదేశము విడిచి వెచ్చనిదేశము పోవుట, ముఖ్యముగా సముద్రప్రయాణము, దానికి చికిత్స అనేవారు. అంటే ప్రయాణము రోగికి నిషిద్ధము కాలేదు సరికదా, మందుగా పరిగణింపబడినది. మార్టిన్ కథలో ఈ సంగతిని మనము మరువరాదు.

ఇంకొక ప్రభావము గూడ ఆయన మీద ఉన్నది. ఉత్తర అమెరికాలోని ఆదివాసుల నడుమ పనిచేసి, క్షయతో 1747లో ఇరువది తొమ్మిదేండ్లకే మరణించిన డేవిడ్ బ్రెయినర్డ్ అనే బోధకుని దినచర్య పుస్తకమును మార్టిన్ శ్రద్ధగా చదివినాడు. దగ్గుతూ, నెత్తురు కక్కుతూ, గుర్రము మీద అడవులు దాటిన ఆ మనిషి ఆయనకు ఆదర్శమైనాడు. ఆ ఆదర్శములో గొప్పతనముతో బాటు ఒక అపాయము గూడ ఉన్నది. శరీరము మొరపెట్టుకొన్నప్పుడు ఆ మొరను బలహీనతగా ఎంచి, ఇంకొక మజిలీ ముందుకు నడువుమని అది చెబుతుంది.

తండ్రి మరణించిన తరువాత కుటుంబపు ఆస్తి పోయినది. సోదరి పోషణభారము ఆయనపై పడినది. కావున కేవలము మిషనరీగా గాక, ఈస్టిండియా కంపెనీవారి సైనికులకు, ఉద్యోగులకు ఆరాధనలు జరిపే చాప్లెయిన్‌గా జీతముమీద రావలసి వచ్చినది. 1805 జూలైలో పోర్ట్స్‌మత్ రేవు నుండి ఓడ కదలినది. కార్న్‌వాల్‌లో ఆయన ప్రేమించిన లిడియా గ్రెన్‌ఫెల్ అనే కన్య ఉండిపోయినది. ఓడలు బ్రెజిల్ తీరము తాకి, గుడ్‌హోప్ అగ్రమునకు పోయినవి. అక్కడ 1806 జనవరిలో డచ్చివారికి, ఇంగ్లీషువారికి జరిగిన యుద్ధమును ఆయన కన్నులార చూచినాడు. ఏప్రిల్‌లో చెన్నపట్టణము, మే నెలలో కలకత్తా. ఇంటి నుండి కలకత్తా చేరుటకు పదినెలలు పట్టినది.

దిగిన కొలది దినములకే జ్వరము. కలకత్తాకు ఎగువను సేరంపూరులో, నది ఒడ్డున, దేవుడు లేక పాడుబడిన ఒక పాత గుడిలో ఆయనకు బస ఏర్పడినది. ఆ గుడి గోడల నడుమ కూర్చుండి హిందూస్థానీ, సంస్కృతము, పారసీకము నేర్వసాగినాడు. జూలైలో లిడియాకు జాబు వ్రాసి, తన్ను వివాహమాడుటకు హిందూదేశమునకు రమ్మని కోరినాడు. రానన్న ఆమె సమాధానము 1807 అక్టోబరులో గాని ఆయనకు అందలేదు. ఒక ప్రశ్నకు, దాని సమాధానమునకు నడుమ పదునైదు నెలలు! దూరమనునది ఆ దినములలో దేహమునకు ఎంత బాధయో, మనస్సునకు అంత బాధ.

కంపెనీవారికి మతబోధకుల మీద ఆనాడు అనుమానము మెండు. మార్టిన్ వచ్చిన రెండునెలలకే, 1806 జూలై 10వ తేదీన, వేలూరు కోటలో సిపాయిల తిరుగుబాటు జరిగినది. తలపాగాలు మార్చుట, బొట్లు చెరుపుట మతము చెరుపుటకే యని సిపాయిలు భయపడినారు. ఆ తరువాత కంపెనీ అధికారులు బోధకులను మరింత అదుపులో ఉంచినారు. మన విశాఖపట్టణములో గూడ సరిగా ఆ సంవత్సరములలోనే జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు బోధకులు పనిచేస్తూ ఉండినారు. వారు 1805లో వచ్చినారు. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించినారు. ఆనందరాయర్ అనే తెలుగు విద్వాంసుని సహాయముతో వారు ఆరంభించిన తెలుగు సువార్తల ముద్రణ 1812లో సేరంపూరులో జరిగినది. అప్పటికి అనువాదకులిద్దరూ మట్టిలో కలిసిపోయినారు. అక్షరము మిగిలి మనిషి పోవుట ఆ తరమున ఒక్క మార్టిన్ కథ కాదు.

1806 అక్టోబరులో ఆయన పాట్నా సమీపమున దానాపూరు దండుకు నియమింపబడినాడు. గంగమీద బజరా పడవలో ఎగువకు ప్రయాణము; గాలి అనుకూలించకపోతే పడవవాండ్రు ఒడ్డున నడుస్తూ తాళ్ళతో లాగవలెను. ఆరువారములు పట్టినది. ఆరోగ్యపు దృష్టితో చూస్తే ఆయన యాత్రలలో ఇదే సుఖమైనది: నీడ ఉన్నది, పడక ఉన్నది, పుస్తకములు ఉన్నవి, పరుగు లేదు. దానాపూరులో రెండున్నర సంవత్సరములు ఉన్నాడు. పాఠశాలలు పెట్టినాడు. కాశీవాసియైన మీర్జా ఫిత్రత్ సహాయముతో బైబిలు కొత్తనిబంధనను హిందూస్థానీలోనికి మార్చినాడు.

1809లో కాన్పూరుకు బదిలీ ఉత్తరువు వచ్చినది. అది వేసవి. గంగా మైదానమున వేసవి యెట్లుండునో, ‘లూ’ అనే వడగాలి యేమి చేయునో ఆ దేశపు వారికి తెలుసు; ఆ దినములలో పగటిపూట ఎవ్వరూ గడప దాటరు. మార్టిన్ ఆగలేదు. అలహాబాదు నుండి కాన్పూరు దాక రెండు పగళ్ళు, రెండు రాత్రులు ఎడతెగక పల్లకీలో ప్రయాణము చేసినాడు. అగ్నిగుండము నుండి వీచినట్టి గాలి. బోయీలు మారుతూ వచ్చినారు గాని లోపలి మనిషికి మార్పు లేదు. కిటికీలన్నీ మూసి చీకటి చేసికొన్న షెర్వుడ్ దంపతుల బంగళాలో దిగిన వెంటనే మూర్ఛపోయినాడు. తరువాత జ్వరము పట్టి మరల మరల మూర్ఛలు వచ్చినవి. ఆ యింటి యిల్లాలు మేరీ మార్తా షెర్వుడ్ పిమ్మట ప్రసిద్ధ రచయిత్రి అయినది. మార్టిన్‌ను గురించి మనకు కన్నులకు కట్టినట్లు తెలియుటకు ఆమె వ్రాతలు ఒక కారణము.

ఇక్కడ మనము ఒక్క క్షణము ఆగి అడుగవలసిన ప్రశ్న ఉన్నది. ఇంత తొందర ఎందుకు? యుద్ధము లేదు, ఎవ్వరూ తరుముకొని రావడము లేదు. నెలదినములు ఆలస్యమైతే వానలు పడేవి. ఆయన స్వభావములోనే ఆ తొందర ఉన్నది. తనకు ఆయువు తక్కువ యని ఎరిగిన మనిషి కాలమును దుబారా చేయుటకు జంకినాడు. ఆ జంకే ఆయువును మరింత తగ్గించినది.

కాన్పూరులో ప్రతి ఆదివారము సాయంకాలము ఆయన బంగళా ఆవరణలోనికి బిచ్చగాండ్రు వందలకొలది చేరేవారు. వారికి భిక్ష యిచ్చి, హిందూస్థానీలో మాట్లాడేవాడు. మాట్లాడిన తరువాత రొమ్మునొప్పితో మంచము పట్టేవాడు. ప్రక్కతోట గోడమీది నుండి వేడుకకు వినవచ్చిన వారిలో షేక్ సాలిహ్ అనే యువకుడు ఒకడు. అతడు 1811లో కలకత్తాలో క్రైస్తవము పుచ్చుకొని అబ్దుల్ మసీహ్ అనే పేరుతో పేరెన్నిక గన్నాడు. ఆ సంగతి జరుగునాటికి మార్టిన్ హిందూదేశము విడిచిపోయినాడు.

విడుచుటకు రెండు కారణములు. మొదటిది ఆరోగ్యము. సముద్రపు గాలి మేలు చేయునని వైద్యులు చెప్పినారు. రెండవది ఒక పుస్తకము. అరబ్బు దేశస్థుడైన సాబాత్ తోడ్పాటుతో ఆయన చేయించిన పారసీక అనువాదము పండితులకు నచ్చలేదు. అరబ్బీ పదములు మితిమీరినవి, సామాన్యులకు అర్థము కాదు అన్నారు. మార్టిన్ ఈ విమర్శను అంగీకరించినాడు. అయితే పారసీకము పలికేవారి నడుమనే కూర్చుండి మరల వ్రాయవలెనని నిశ్చయించుకొన్నాడు. చికిత్స, కర్తవ్యము రెండును ఒకే దిక్కును చూపినవి. కర్తవ్యము అడిగినది రేయింబవళ్ళు గుర్రముమీద స్వారీ; చికిత్స అడిగినది విశ్రాంతి. ఈ రెంటికిని పొత్తు కుదరదని అప్పటికి ఆయనకు తోచలేదు.

1811 జనవరి 7వ తేదీన కలకత్తాలో ఓడ యెక్కినాడు. ఆ ఓడలో తోటి ప్రయాణికుడు మౌంట్‌స్టూవర్ట్ ఎల్ఫిన్‌స్టన్, పిమ్మట బొంబాయి గవర్నరైన చరిత్రకారుడు. దారిలో గోవాలో దిగి ఇద్దరును ఫ్రాన్సిస్ జేవియర్ సమాధిని చూచినారు. ఆ జేవియర్ గూడ యాత్ర నడుమనే పోయినవాడు. జపాను నుండి వచ్చి, చైనాలో అడుగుపెట్టుటకు ఓడకొరకు కాచుకొని, షాంగ్‌చువాన్ దీవిలో జ్వరముతో 1552 డిసెంబరు 3వ తేదీన మరణించినాడు. ఫిబ్రవరి 18వ తేదీన మార్టిన్ బొంబాయి చేరినాడు. ఆనాటికి ఆయనకు సరిగా ముప్పది యేండ్లు నిండినవి.

మార్చిలో బొంబాయి నుండి కదలి, మస్కట్ మీదుగా, మే నెలలో పారసీక తీరమున బుషైర్ రేవులో దిగినాడు. గడ్డము పెంచి, ఆ దేశపు అంగీ, కోసు టోపీ ధరించినాడు. మే 30వ తేదీ రాత్రి బిడారుతో బాటు షీరాజ్ నగరము వైపు బయలుదేరినాడు. ఎండకాలమున ఆ దారిన రాత్రులే నడక. పగలు డేరాలో పడియుండుట. కాని ఆ పగటి విశ్రాంతియే నరకమైనది. ఉష్ణమాపకము 126 డిగ్రీలు, అంటే సెంటిగ్రేడు కొలతలో 52 డిగ్రీలు, చూపినది. తడిగుడ్డలు తలకు, దేహమునకు చుట్టుకొని, వాటిపైన దుప్పట్లు కప్పుకొని, వేడి లోపలికి రాకుండ ఆపుకొని బ్రతికినాడు. పగలు నిద్ర లేదు గనుక రాత్రి గుర్రముమీద కునుకు. పడిపోదునేమో యని దిగి నడిచేవాడు. తరువాత కనుమలు. ఎత్తు పెరిగినకొలది చలి. నిన్న కాలిన ఒళ్ళు నేడు వణుకుట క్షయరోగికి ఎంత కీడో మనము ఊహించుకోవచ్చును. తొమ్మిది, పది దినములలో షీరాజ్ చేరినాడు.

షీరాజ్‌లో ఆయనను ఆదుకొన్నవాడు జాఫర్ అలీఖాన్ అనే పెద్దమనిషి. ఇంట చోటిచ్చినాడు. ఊరిలోని ఉక్కకు ఆయన వాడిపోతున్నాడని గ్రహించి, నగరము వెలుపల తన తోటలో సెలయేటి ప్రక్కను, ద్రాక్షగుత్తుల నడుమ డేరా వేయించినాడు. ఆయన బావమరిది మీర్జా సయ్యద్ అలీ అనువాదమునకు సహాయుడైనాడు. మతమును గూర్చి వారు మార్టిన్‌తో ఏకీభవించలేదు. మౌల్వీలు వచ్చి వాదించేవారు. మీర్జా ఇబ్రహీం అనే విద్వాంసుడు ఇస్లాము పక్షమున గ్రంథమే వ్రాసినాడు, మార్టిన్ దానికి సమాధానము వ్రాసినాడు. వాదము వాదమే, అతిథిమర్యాద అతిథిమర్యాదయే. ఎనిమిది నెలల శ్రమతో 1812 ఫిబ్రవరి 24వ తేదీన కొత్తనిబంధన పూర్తియైనది. మార్చిలో దావీదు కీర్తనలు ముగిసినవి. ఆయన జీవితమున ఒకేచోట నిలిచి, తన యిష్టము వచ్చిన పని, మంచి గాలిలో చేసిన కాలము ఇదియే. రోగము పోలేదు గాని, అదుపులో ఉన్నది. ఇక్కడనే మరి రెండేండ్లు ఉన్నచో ఏమయ్యేదో!

కాని వ్రాతప్రతి రాజుకు అందవలెను. అందమైన దస్తూరీతో వ్రాయించిన ప్రతులు తీసికొని, మే నెలలో ఉత్తరమునకు, ఇస్ఫహాన్, టెహరాన్‌ల మీదుగా సుల్తానియా వద్ద షా విడిదికి ప్రయాణమైనాడు. వజీరు సమక్షమున మతవాదము చెలరేగినది. బ్రిటిషు రాయబారి సిఫారసు లేనిదే షా దర్శనము దొరకదన్నారు. రాయబారి సర్ గోర్ ఔస్లీ తబ్రీజ్‌లో ఉన్నాడు. అక్కడికి పోవు దారిలో ఆయనకు, తోడు ప్రయాణికుడైన కానింగ్ అనే మతగురువునకు ఇద్దరికిని జ్వరము తగిలినది. చేతిలో రొక్కము కరిగిపోయినది. జ్వరముతోనే గుర్రము దిగి తబ్రీజ్‌లో పడకపై వాలిన మార్టిన్ రెండునెలలు లేవలేదు. ఔస్లీ దంపతులు స్వయముగా పరిచర్య చేసి బ్రతికించినారు. షా ఫతే అలీకి గ్రంథమును ఔస్లీయే పిమ్మట సమర్పించినాడు. షా మెచ్చుకొని జాబు వ్రాయించినాడు. 1815లో సెయింట్ పీటర్స్‌బర్గులో ఔస్లీ పర్యవేక్షణలోనే అది అచ్చుపడినది.

ఇప్పుడు మార్టిన్ కోరిక ఒక్కటే: ఇంగ్లండు పోయి ఆరోగ్యము చేకూర్చుకొని తిరిగి రావలెను. లిడియాతో ఉత్తరప్రత్యుత్తరములు మరల సాగుతున్నవి. ఆగస్టు చివర ఆమెకు వ్రాసిన జాబే కడపటిది. తబ్రీజ్ నుండి కాన్‌స్టాంటినోపుల్, అనగా నేటి ఇస్తాంబూలు, నేలమీద సుమారు 1300 మైళ్ళు. మంచము దిగి కొద్ది దినములే అయినది. 1812 సెప్టెంబరు 2వ తేదీన ఇద్దరు ఆర్మేనియన్ సేవకులతో గుర్రమెక్కినాడు.

మొదటి పక్షము సుఖముగనే గడిచినది. అరారత్ పర్వతమును చూచినాడు. ఎచ్మియాద్జిన్‌లోని ఆర్మేనియన్ మఠమున సన్యాసులు ఆదరించి, కొన్నినాళ్ళు ఉంచుకొన్నారు. తరువాత కార్స్, ఎర్జురుం. అక్కడి నుండి తురుష్క రాజ్యపు దారి. ఆ రాజ్యమున ‘తాతారులు’ అనే అంచెరౌతులు ఉండేవారు. ప్రభుత్వపు తపాలా మోసే ఈ రౌతులు ‘మంజిల్’ అనే మజిలీలో గుర్రము మార్చుకొని, తిండి నిద్రలు చాలించుకొని, పరుగు మీదనే పోయేవారు. మన మజిలీ అన్న మాటకు, ఆ మంజిల్‌కు మూలము ఒకటే. ప్రయాణికులు దారి కొరకు, రక్షణ కొరకు ఒక తాతారు వెంట పోవుట ఆచారము. మార్టిన్‌కు దొరికినవాని పేరు హసన్.

ఎర్జురుంలో సెప్టెంబరు 29న బయలుదేరినది మొదలు చలిజ్వరము తిరుగబెట్టినది. హసన్ ఆగనివ్వలేదు. వాన కురిసినా, రాత్రి అయినా, రోగి జీనుమీద నిలువలేకపోయినా, పదండి పదండి అని తొందరచేసినాడు. ఒకచోట మార్టిన్ వేరే గది అడిగితే, గుర్రపుసాలలో చోటు చూపినారు. అక్కడ జనము, పొగ, చలిమంట. జ్వరతాపముతో ఆ వేడిని ఓర్వలేక, సామానుమూటల నడుమ తల దూర్చి, చెమ్మనేలకు చెంప ఆనించి నిద్రించినాడు. ఆయన దినచర్యలో ఈ వ్రాత చదివినప్పుడు హసన్ మీద మనకు కోపము వస్తుంది. న్యాయముగా చూస్తే, పరుగే వృత్తియైన మనిషి అతడు. ఆ దారిలో ముందు ఊళ్ళలో ప్లేగు మారి చెలరేగుతున్నది. జనము ఎదురుగా పారిపోయి వస్తున్నారు. జాప్యము ప్రాణాంతకమని అతడు తలచి ఉండవచ్చును. అతని పక్షము వ్రాసి పెట్టినవారు లేరు. అయినను రోగి ముఖము చూచి ఒక్కపూట ఆగుటకు గొప్ప విద్య అక్కరలేదు.

అక్టోబరు 6వ తేదీన మంజిల్‌లో గుర్రములు దొరకలేదు. గుర్రములు లేనందున అనుకోని విశ్రాంతి లభించినది. ఒక పండ్లతోటలో కూర్చుండి, తన దైవమును తలచుకొని మనశ్శాంతి పొందినట్లు దినచర్యలో వ్రాసికొన్నాడు. ఆ పుస్తకమున అదే చివరి పుట. పదిదినముల పిమ్మట, అక్టోబరు 16న, టోకాట్ అనే పట్టణమున మరణించినాడు. ప్లేగు వలననో, క్షయ వలననో, జ్వరము వలననో పోయినాడని నిర్ణయించిన వైద్యుడు లేడు. వయస్సు ముప్పదియొక సంవత్సరములు. ఆర్మేనియన్లు తమ ఆచారము ప్రకారము పూడ్చిపెట్టినారు. ఆర్మేనియన్ సేవకుడు ఆయన కాగితములను భద్రముగా కాన్‌స్టాంటినోపుల్ చేర్చినాడు. అతడు ఆ మూటను దారిలో పారవేసి తన ప్రాణము చూచుకొన్నచో ఈనాడు ఈ కథ లేదు.

ఆ కాగితముల ఆధారముతో 1819లో జీవితచరిత్ర, 1837లో దినచర్యలు, జాబులు అచ్చైనవి. బ్రెయినర్డ్ పుస్తకమును మార్టిన్ చదివినట్లే, మార్టిన్ పుస్తకమును తరువాతి తరముల బోధకులు చదివినారు. వారిలో పలువురు అదే విధముగా ఉష్ణదేశములకు పోయి, అదే విధముగా అల్పాయుష్కులైనారు. ఓర్పును నేర్పిన పుస్తకమే, ఒంటిని లెక్కచేయకుండుటను గూడ నేర్పినది. ఈ విషయమును దాచిపెట్టి పొగడుట చరిత్రకు న్యాయము కాదు.

అట్లని ఆయన పనిని తక్కువచేయుటకును వీలులేదు. ఆరేండ్ల హిందూదేశ, పారసీకదేశ వాసములో రోగముతో పెనగులాడుతూ, రెండు గొప్ప భాషలలో గ్రంథము నిలిపినాడు. హిందూస్థానీ ప్రతి 1814లో అచ్చుపడినది. ఈ పనిలో ఆయనకు మీర్జా ఫిత్రత్, సాబాత్, సయ్యద్ అలీ చేయూత నిచ్చినారు. పడియున్నప్పుడు షెర్వుడ్ దంపతులు, జాఫర్ అలీఖాన్, ఔస్లీ దంపతులు, ఆర్మేనియన్ సన్యాసులు లేవనెత్తినారు. దారిలో రోగియైన మనిషికి కులము, మతము, దేశము అడుగని ఇల్లు ఒకటి దొరికినప్పుడెల్లా ఆయన బ్రతికినాడు. అట్టి ఇల్లు దొరకని దారిలో పోయినాడు.

వైద్యవిద్య తరువాత చాలదూరము నడిచినది. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోక్ 1882లో కనుగొన్నాడు. చలిజ్వరము దోమకాటు వలన వచ్చుననుటకు ఆధారమును రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులోనే పట్టుకొన్నాడు. మదనపల్లె వద్ద ఆరోగ్యవరములో 1915లో మిషనరీ సంఘములు కలిసి క్షయరోగులకు ఆసుపత్రిని తెరిచినవి. మార్టిన్ తరమున బోధకుని వెంట వచ్చిన రోగమునకు, మూడు నాలుగు తరముల పిమ్మట బోధకులే పడకలు వేసినారు. 1956లో చెన్నపట్టణమున ఆరంభమైన పరిశోధన 1959లో ఇంకొక సత్యమును వెల్లడించినది: మందులు క్రమము తప్పక పుచ్చుకొంటే, ఇంటిలో ఉన్న రోగికి, ఆరోగ్యకేంద్రమున ఉన్న రోగికి దాదాపు సమానముగనే నయమవుతుంది. గాలిమార్పు కొరకు సముద్రములు దాటవలసిన పనిలేదని తేలినది. మార్టిన్‌కు వైద్యులు చెప్పిన మందులో సగము పొరపాటే.

మిగిలిన సగము మాత్రము పొరపాటు కాదు. గంగమీద మెల్లగా సాగిన బజరాలో, షీరాజ్ తోటలోని సెలయేటి ప్రక్కను, గుర్రములు దొరకని ఆ ఒక్క దినమున పండ్లచెట్ల క్రింద ఆయనకు దొరికినది విశ్రాంతి. మన యిండ్లలోను ఒంటిలో నలతగా ఉన్నా రైలు తప్పునని, సెలవు చాలదని, పని ఆగిపోవునని బయలుదేరేవారు ఉన్నారు. అట్టివారిని గడపలో ఆపి, ఈ పూటకు ఉండి రేపు పోవచ్చును అని చెప్పే పెద్దలు ఉండుట మేలు. హెన్రీ మార్టిన్‌కు ఆ తుది దారిలో ఆ మాట చెప్పినవారు లేకపోయినారు.